అక్క దెబ్బ

మాణిక్యమ్మ ఎసట్లో బియ్యం పోయబోతుండగా ముందు గదిలోంచి ఒక ఆడపిల్ల అరిచింది.

"నీ చెయ్యిరగ! మా బాపు కట్టిన ఇంట్ల నువ్వేంది రా, దొర లెక్క కాలుమీద కాలేసుకుని కూసున్నవ్!"

దాని వెనకే ధబ్ ధబ్‌మని దెబ్బలు. మాణిక్యమ్మ చేతిలో చాట ఆగిపోయింది. ఆ దెబ్బలు ఎక్కడివో ఆమెకు తెలుసు. గోనెసంచిలో ఇసుక నింపి రోకలితో మోదితే వచ్చిన చప్పుడు అది. ఆ గొంతూ తెలుసు. అది తనదే. తనకు పద్దెనిమిదేళ్లున్నప్పటిది.

బియ్యం పోసింది. గరిటె పక్కన పెట్టి వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది.

ఇది కార్వాన్‌లో ఆమె అన్న ప్రేమ్‌రాజ్ ఇల్లు. వదిన బేబీకి మోకాళ్లు పట్టేశాయి. "ఎవలో పెద్దోళ్లు వస్తున్నరు మాణిక్యం, పాత క్యాసెట్లు చూస్తరట. జర వచ్చి బగారన్నం, చికెన్ చేసి పో" అని అన్న ఫోన్ చేశాడు. ఆమె సర్కారు దవాఖానాలో ఆయా. డ్యూటీకి సెలవు పెట్టి, కిషన్‌బాగ్ నుంచి బస్సెక్కి వచ్చింది. ఏ క్యాసెట్లో ఆయన చెప్పలేదు. ఆ ఇంట్లో ఇంకా క్యాసెట్లున్నాయని కూడా ఆమెకు తెలియదు.

ముందు గదిలో పెద్దోళ్లెవరూ లేరు. ఇద్దరు కుర్రాళ్లున్నారు, ముప్పై దాటినట్టు లేరు. గడ్డం ఉన్నతని పేరు నిఖిలేష్. రెండో అతను శ్రవణ్, మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. వాళ్లే ఒక పాత వీసీఆర్ సంచిలో పెట్టి తెచ్చుకుని టీవీకి తగిలించారు. టీవీలో జడ వేసుకున్న ఒక చైనా అమ్మాయి గాల్లోకి ఎగిరి ఇద్దరిని తన్నింది. నిఖిలేష్ సోఫా అంచుకు జరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

"అంకుల్, ఇదేంటో మీకు తెలీదు" అన్నాడు. "ఇది తైవాన్‌లో తీశారు. కంపెనీ మూతపడింది, నెగెటివ్ పోయింది. పాత సినిమాలు సేకరించే మా గ్రూపులో జపాన్ వాళ్లున్నారు, జర్మనీ వాళ్లున్నారు. ఎవరి దగ్గరా ఒక్క పోస్టర్ ఫొటో తప్ప ఏమీ లేదు. ఏళ్ల తరబడి వెతుకుతున్నాం. కార్వాన్‌లో దొరకడమేంటి అసలు!"

"అంత గొప్ప సినిమానా సార్ ఇది?" అన్నాడు ప్రేమ్‌రాజ్. తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకున్నాడు. చర్చి సంఘంలో పెద్ద అయినప్పటి నుంచి ఆయన వేరే రంగు వేయడం లేదు.

"గొప్పది కాదు అంకుల్, అదే కదా. తక్కువ డబ్బుల్లో, హడావిడిగా తీశారు. గాల్లోకి లేపే తాళ్లు లేవు, మాయలు లేవు. ఆ అమ్మాయి మొహం చూడండి. మోచెయ్యి నిజంగా తగిలింది, అయినా ఆపలేదు. పెద్ద సినిమాల్లో ఇది కనబడదు. అందరూ చూసిన సినిమా నాకెందుకు? ఎవరికీ అక్కర్లేక పారేసినదాంట్లో ఇట్లాంటిది ఒకటి దొరికితే..." చెప్పలేక చెయ్యి ఊపాడు.

శ్రవణ్ ఒక చెవి హెడ్‌ఫోన్ తీశాడు. "కానీ సౌండ్ మొత్తం నాశనం చేశారు. చైనీస్ అంతా చెరిపేసి పైన ఏదేదో రికార్డ్ చేశారు. మధ్యలో కుక్కర్ విజిల్ కూడా ఉంది." నవ్వాడు. "ఎవరండీ ఈవిడ? మండీలో టమాటల దగ్గర కొట్లాడుతున్నట్టు అరుస్తోంది!"

ప్రేమ్‌రాజ్ కూడా నవ్వాడు.

"ఎవలో బస్తీల ఆమె సార్. అప్పట్ల ఎవలు దొరికితె వాళ్లను పిలిచి చెప్పిచ్చేటోళ్లం. యాద్ గూడ లేదు. తీసెయ్యుండ్రి. మొత్తం తీసెయ్యుండ్రి, అన్నీ తిట్లే."

గడపలో నిలబడ్డ మాణిక్యమ్మకు చెవులు వేడెక్కాయి.

ఎవరో బస్తీ ఆమె.

ఈ గదే అప్పట్లో వీడియో పార్లర్. సోఫా ఉన్న చోట బెంచీలుండేవి, కిటికీకి నల్ల దుప్పటి ఉండేది. హిందీ సినిమా క్యాసెట్లు పెద్ద పార్లర్ల వాళ్లు ముందే పట్టుకుపోయేవాళ్లు. ప్రేమ్‌రాజ్‌కు మిగిలేవి, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లో తేలిన, పేరూ ఊరూ లేని కరాటే సినిమాలు. చైనా మాటలు. కింద అక్షరాలైనా ఉండేవి కావు. రిక్షా తొక్కేవాళ్లు, తోలుపని చేసేవాళ్లు వచ్చి కూర్చుని "ఏమంటుండు భాయ్? గామె గెందుకేడుస్తుంది?" అని అడిగి అడిగి విసుగొచ్చి లేచిపోయేవాళ్లు.

ప్రేమ్‌రాజ్ దగ్గరున్న మెషీన్‌కు కిందివైపు ఒక ఎర్ర బటన్ ఉండేది. అది నొక్కితే బొమ్మ అట్లాగే ఉంటుంది, పాత మాటలు చెరిగిపోయి మైకులో చెప్పింది ఎక్కుతుంది. ఆ సంగతి ఆయన కనిపెట్టాడు. కాని ఆయనకు వచ్చింది ఒక్క గొంతే. కొట్లాడే మొగవాళ్లందరికీ ఆ లావు గొంతుతోనే చెప్పేవాడు. మిగిలినవన్నీ మాణిక్యమ్మవే. ఆడవాళ్లు, పిల్లలు, ముసలి గురువులు, గాయపడిన గుర్రం.

అన్నాచెల్లెళ్లు ముందు ఒకసారి చప్పుడు లేకుండా సినిమా చూసేవాళ్లు. ఎవరు ఎవరికి ఏమవుతారో అప్పుడు తేల్చుకునేవాళ్లు. గడ్డపాయన బాపు, వంకర మీసాలవాడు ఆస్తికి కొట్లాడే పాలోడు, జడ పిల్ల అక్క. కథ మాణిక్యమ్మే అల్లేది. తర్వాత కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, చేతిరుమాలు చుట్టిన మైకు స్టూలు మీద పెట్టి ఇద్దరూ దాని ముందు తలలు దగ్గరపెట్టుకుని కూర్చునేవాళ్లు. చేతుల్లో రోకలి, అట్లకాడలు, పొయ్యిలోకి తెచ్చిన పుల్లలు. అట్లకాడలు కొడితే కత్తులు, పుల్ల విరిస్తే ఎముక. బటన్ నొక్కాక ఆపకూడదు. మధ్యలో ఆపి మళ్లీ నొక్కితే ఆ చోట కీచుమనేది, జనం తిట్టేవాళ్లు. నోరు జారినా, పక్కింటి కుక్కర్ కూసినా అట్లాగే పోవాలి. చెమటతో తడిసిపోయి లేచేవాళ్లు.

పార్లర్ నిండింది. మలక్‌పేట నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. ఆడవాళ్లకు వేరే ఆట వేయాల్సి వచ్చింది.

అదే ఏడాది మాణిక్యమ్మ ఇంటర్ పాసైంది. జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్‌కు సంఘం నుంచి ఒక పిల్లను పంపుతారు. ఆ ఏడు ఆమె పేరు అనుకున్నారు. ఆమె రెండు తెల్లచీరలకు ఫాల్ కుట్టుకుంది. ట్రంకు పెట్టెకు కొత్త తాళం కొన్నది.

ఒక పొద్దున నల్లా దగ్గర స్వరూప కనబడింది. సంఘంలో పిల్లే, తోటిది. "నువ్వు వద్దన్నవని మీ అన్న చెప్పిండంట గదనే మాణిక్యం! గందుకే పాస్టర్ అయ్యగారు నన్ను పొమ్మన్నడు. రేపే పోతున్న" అంది, సంతోషంగా. ఆ పిల్ల తప్పేమీ లేదు.

మాణిక్యమ్మ బిందె అక్కడే పెట్టి ఇంటికొచ్చింది. అప్పటికే ఫ్యాన్ ఆగింది, కిటికీలు మూసి ఉన్నాయి. "ఎంతసేపే! కూసో, కూసో" అని ప్రేమ్‌రాజ్ బటన్ నొక్కేశాడు.

ఆ సినిమాకు వాళ్లు పెట్టిన పేరు అక్క దెబ్బ. చనిపోయిన గురువు బిడ్డ, ఆయన పెద్ద శిష్యుడు. వాళ్లిద్దరినీ తెలుగులో చెల్లె, పెద్దన్న చేశారు. ఊరి పిల్లలంతా అక్కా అంటారు కాబట్టి ఆ పేరు. పెద్దన్న ఆ గురువు కరాటే బడి తాళంచెవి శత్రువుల చేతికిస్తాడు. చివరి కొట్లాటకు ముందు ఆ పిల్ల అతని ఎదుట నిలబడి చాలాసేపు మాట్లాడుతుంది. అక్కడ ఏం చెప్పాలో ముందే అనుకున్నారు. బాపు చావుకు పగ తీర్చుకుంటానని. మాణిక్యమ్మ అది చెప్పలేదు.

"అన్నా, నేను వద్దన్ననా? ఎప్పుడన్న? ఎవల ముందట అన్న? నాకు కావాలె అని తిరిగిన, తిండి మానేసి చదివిన. నా నోటితోని నువ్వెందుకు వద్దన్నవ్ రా? నా నోరు నీకెవలిచ్చిండ్రు?"

ప్రేమ్‌రాజ్ ఆమె వైపు తిరిగి చూశాడు. ఆపమని చేత్తో సైగ చేశాడు. కాని టేపు తిరుగుతోంది, తెరమీద పెద్దన్న నోరు తెరిచాడు. ఆయన మైకు దగ్గరికి వంగి, లావు గొంతుతో నవ్వాడు.

"హహహ! ఆడపిల్లకు కత్తెందుకే? గరిటె పట్టుకో, పో!"

ఆ తర్వాత మాణిక్యమ్మ రోకలితో సంచిని కొట్టిన దెబ్బలకు సంచి పగిలి ఇసుక గదంతా పడింది.

జనానికి అది పిచ్చిగా నచ్చింది. కథలో ఆ మాటలకు అర్థం లేదని ఎవరూ అడగలేదు. ప్రేమ్‌రాజ్ రోడ్డుమీద కనబడితే చాలు, కార్వాన్ ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "నా నోరు నీకెవలిచ్చిండ్రు రా పెద్దన్నా" అనేవాళ్లు. మొగవాళ్లు ఇళ్లల్లో గరిటె మాట అనేవాళ్లు. ఆయన నవ్వినట్టు చేసేవాడు. బాపు అడిగితే మాత్రం దాచలేదు. "ఆమె పోతె పార్లర్ నడువది బాపు. గొంతు ఎవలియ్యాలె?" అన్నాడు. బాపు తల ఊపి పనికి పోయాడు. వచ్చే ఏడు చూద్దామన్నారు అయ్యగారు. వచ్చే ఏడు ఇంకెవరో వెళ్లారు. తర్వాత కేబుల్ టీవీ వచ్చి పార్లర్ మూతపడింది. మాణిక్యమ్మకు ఆర్టీసీ డిపోలో పనిచేసే సీమోనుతో పెళ్లైంది. కొన్నాళ్లకు ఆయా పని దొరికింది. నర్సులు సూది వేస్తుంటే ఆమె ట్రే పట్టుకుంటుంది. రోజూ పట్టుకుంటుంది.

ఆ గొంతు కోసమే అన్న ఆమెను పోనివ్వలేదు. ఇప్పుడు ఆ గొంతు ఎవరో బస్తీ ఆమెదట.

ఆమె ముందు గదిలోకి వచ్చింది.

"అన్నా. ఎవలో బస్తీ ఆమెనా?"

ప్రేమ్‌రాజ్ ఉలిక్కిపడ్డాడు. "నువ్వు లోపటికి పో మాణిక్యం. అన్నం మాడుతది."

"మాడనీ."

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శ్రవణ్ చెయ్యి వీసీఆర్ మీదికి పోయింది.

"ఆపకు బాబూ" అంది మాణిక్యమ్మ. "ఇంక రెండు కొట్లాటలైతే వస్తది."

కూర్చోమన్నా కూర్చోలేదు. రెండు కొట్లాటలూ నిలబడే చూసింది. ప్రేమ్‌రాజ్ ఫోన్ తీసి ఎవరికో చేస్తున్నట్టు చెవికి పెట్టుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తెరమీద జడ పిల్ల పెద్దన్న ఎదుటికి వచ్చింది. నా నోటితోని నువ్వెందుకు వద్దన్నవ్ రా, అంది. పెద్దన్న నవ్వాడు. గరిటె పట్టుకోమన్నాడు.

శ్రవణ్ హెడ్‌ఫోన్లు తీసేశాడు. "అంకుల్! ఈ విలన్ గొంతు మీదేనా?"

"అవ్ సార్" అన్నాడు ప్రేమ్‌రాజ్. ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందంటే, వచ్చాక ఆయనే నాలిక్కరుచుకున్నాడు.

"మరి ఈవిడ?" అని నిఖిలేష్ నెమ్మదిగా అడిగి, మాణిక్యమ్మ వైపు చూశాడు.

"చెప్పన్నా" అంది ఆమె. "నీ గొంతు యాదున్నది గదా. పక్కన ఒకే మైకుల చెప్పినామె ఎవలు? ఒక్క మాట చెప్పు, నేను పోయి అన్నం దించుత."

"పాతయన్ని ఎందుకు తవ్వుడు? బయటోళ్ల ముందట లొల్లి ఎందుకు?"

"ఎవలు?"

"నాకు యాద్ లేదు అంటున్న గదా!"

మాణిక్యమ్మ వంగి వీసీఆర్ బటన్ నొక్కింది. క్యాసెట్ బయటికి వచ్చింది. నిఖిలేష్ లేచి నిలబడ్డాడు, చేతులు చాపి, ఎవరో పసిపిల్లను బండి కింద పడేస్తున్నట్టు.

"ఆంటీ, ఆంటీ, జాగ్రత్త! ఇంకా కాపీ తీయలేదు. ప్రపంచంలో అదొక్కటే ఉంది!"

"నాకు గూడ ఒక్కటే ఉన్నది" అని క్యాసెట్‌ను కొంగులో చుట్టుకుని చెప్పులేసుకుంది. వీధి చివర దాకా అన్నం మాడిన వాసన ఆమె వెంట వచ్చింది. ఆమె వెనక్కి చూడలేదు.

రెండు రోజుల తర్వాత నిఖిలేష్ కిషన్‌బాగ్ వచ్చాడు. వాకిట్లో సైకిల్ చైనుకు నూనె వేస్తున్న సీమోను తలెత్తి చూసి, "క్యాసెట్టాయనా? రా బాబూ. తిట్లు తినే ఓపికుంటే లోపటికి పో, నాకైతె అయిపోయింది" అన్నాడు.

నిఖిలేష్ బిస్కట్ ప్యాకెట్ కింద పెట్టాడు. "ఆంటీ, శ్రవణ్ అన్న మాటకు సారీ. మీరని తెలీదు."

"తెలిస్తె అనకపోతుండె. తెలువక అన్నదే నిజం."

అతను టీవీ మీదున్న క్యాసెట్ వైపు చూపించాడు. "టేపుకు బూజు పట్టింది ఆంటీ. అంచుల్లో తెల్లగా ఉంది చూడండి. ఈ వానాకాలం దాటదు. మీ గొంతు తీయం. మాటిస్తున్నా."

"మాట ఇయ్యకు బిడ్డా. మాటలు మస్తు ఇన్న." ఆమె కోపం అతని మీద కాదు, కాని అతని మీదే పడుతోంది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. "నీకు గా జడ పిల్ల మోచెయ్యి దెబ్బ నిజమని తెలిసె. నా దెబ్బ నిజమని తెల్వకపాయె. పోయి మా అన్నను తోల్కరా. గా గొంతు నా చెల్లెది అని చెప్పమను. గప్పుడు తీస్కపో."

"ఆయన చెప్పకపోతే?"

"బూజు పట్టనీ."

"మీ గొంతు కూడా పోతుంది కదా ఆంటీ!"

"అసలు పోవాల్సిన చోటికి నేనే పోకపోతి. గొంతు పోతె ఏంది?"

నిఖిలేష్ వెళ్లి ఏం చెప్పాడో గాని, ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమ్‌రాజ్ వచ్చాడు. బైబిల్ చంకలో ఉంది. సీమోను కుర్చీ వేశాడు. మాణిక్యమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది. ఆయన ఊదుకుంటూ తాగాడు. వర్షాల గురించి అన్నాడు, మూసీ నీళ్ల గురించి అన్నాడు. బేబీ మోకాళ్ల గురించి అన్నాడు. క్యాసెట్ టీవీ మీద ఉంది. ఆయన దాన్ని తప్ప గదిలో అన్నిటినీ చూశాడు.

"గా పోరగాళ్లు పుస్తకం ఏస్తరంట" అన్నాడు చివరికి. "అండ్ల నా పేరు పెడ్తరంట, క్యాసెట్లు కాపాడినాయన అని. ఫోటో గూడ అడిగిండ్రు. సంఘంల అందరికీ చెప్పిన నేను."

"పెట్టుకో. ఎవలొద్దన్నరు?"

"నువ్వే ఆపినవ్ గదనే."

"నేను ఒక్క మాట అడిగిన."

ప్రేమ్‌రాజ్ గ్లాసు కింద పెట్టాడు. మీసం తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి ఆయన గొంతు సవరించుకుని, ముందుకు వంగి, కళ్లు పెద్దవి చేసి, ఆ పాత లావు గొంతుతో నవ్వాడు.

"హహహ! ఆడపిల్లకు కత్తెందుకే? గరిటె పట్టుకో, పో!"

సీమోను ఫక్కున నవ్వబోయి భార్య మొహం చూసి ఆగిపోయాడు. ప్రేమ్‌రాజ్ నవ్వు మొహంతోనే ఆమె వైపు చూస్తున్నాడు. ఇప్పుడు నీ వంతు అన్నట్టు, నువ్వు కూడా అను, ఇద్దరం నవ్వుకుందాం, అయిపోతుంది అన్నట్టు. ఆ గొంతు ఏమాత్రం మారలేదు. ఒక్క క్షణం మాణిక్యమ్మ నాలుక మీదికి ఆ మాటలు వచ్చాయి కూడా.

"గా గొంతుతోని కాదు" అంది. "నీ గొంతుతోని చెప్పు."

ఆయన నవ్వు మొహం మీద ఇంకాసేపు నిలిచి, పోయింది. నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. దాని కింద మాటలు పోయడానికి ఈసారి ఎవరూ లేరు. నోరు మూసుకుని, బైబిల్ తీసుకుని లేచాడు.

"పొద్దుపోయింది, బేబీ ఒక్కతే ఉన్నది" అన్నాడు. ఇంకా ఎండ తగ్గలేదు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా మాణిక్యమ్మ వాకిట్లోనే నిలబడింది. పిలుస్తుందేమోనని సీమోను చూశాడు. ఆమె లోపలికి వచ్చి, ఫోన్ అందుకుని నిఖిలేష్‌కు చేసింది.

"బాబూ, వచ్చి తీస్కపో. ఒక్క తిట్టు గూడ తీయొద్దు, కుక్కర్ గూడ తీయొద్దు. తీసినవని తెలిస్తె మీ ఇంటికొచ్చి కూసుంట."

అవతల అతను ఏదో గబగబా చెప్పాడు. దండాలు పెడుతున్నట్టుంది.

"ఆగు, ఇను. సినిమా ముందట పేర్లేస్తరు గదా, అట్ల ఎయ్యి. రాసుకో. అక్క గొంతు, మాణిక్యమ్మ. కింద పెద్దన్న గొంతు, ప్రేమ్‌రాజ్. తాళంచెవి అమ్ముకున్న పెద్దన్న అని సాఫ్ సాఫ్ రాయి. ఆయనకు పేరు కావాలంట."

ఫోన్ పెట్టేశాక సీమోను నెమ్మదిగా అన్నాడు.

"ఏందే గిట్ల చేసినవ్? సంఘమంత చూస్తది. బావకు మస్తు కోపమొస్తది. వచ్చి నీ మీద అరుస్తడు."

"అరవనీ" అంది మాణిక్యమ్మ, చాయ్ గ్లాసు తీసి కడగడానికి పోతూ. "గప్పుడన్న సొంత గొంతు బయటికొస్తది."